మేనకోడలు ఇచ్చిన రెటినాల్

పోయిన కోత పండుగకు బద్వేలు దగ్గర మా అన్న వాళ్ల ఊరికి వెళ్లాను. చర్చిలో ఆ రోజు ఎవరి చేనులో పండింది వాళ్లు తెచ్చి ముందు పెడతారు. కొర్రలు, సజ్జలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేస్తారు. మా వదిన తెచ్చిన గుమ్మడికాయ కోసం ఇద్దరు పెద్దమనుషులు పంతం పట్టి పాట పెంచుతుంటే అందరూ నవ్వుతున్నారు. అప్పుడు మా మేనకోడలు వెనక నుంచి నా కొంగు పట్టి లాగింది.

"అత్తా, ఒక్క నిమిషం బయటికి రా."

మేనకోడలంటే మా అన్న కూతురు. కడపలో బ్యాంకులో పని చేస్తుంది, పెళ్లయి రెండేళ్లయింది. చర్చి గోడ నీడకు తీసుకుపోయి హ్యాండ్‌బ్యాగులోంచి వేలెడంత ట్యూబు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది నువ్వు వాడుకో. రెటినాల్. ముడతలకు మంచిది. ఈ మధ్యనే విప్పినా, ఇంకా శానా ఉండాది."

"నీకు పడలేదా?"

"పడింది."

"మరి నాకెందుకు ఇస్తాండావు?"

నేల వైపు చూసింది. చెప్పు కొనతో మట్టి గీరింది. "డాక్టరమ్మ ఆపేయమన్నాది అత్తా. ఇప్పుడు నేను వాడకూడదంట."

నాకు వెంటనే తట్టలేదు. ఏదో ఎలర్జీ అనుకున్నాను. దాని మొహంలోకి చూశాక, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోందని గమనించాక అర్థమైంది, కడుపుతో ఉందని. చెయ్యి పట్టుకున్నాను. "మీ అమ్మకు చెప్పినావా?"

"పండుగ అయినాక చెప్తా. ముందే చెప్తే ఈడనే అందరికీ చెప్తాది."

అట్లా వదిన కంటే ముందు నాకు తెలిసింది. ఒక క్రీము ఎందుకు వద్దంటారో అడిగితే ఇంత సంగతి బయటపడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ సంతోషంలో ట్యూబును పర్సులో పడేసి మళ్లీ లోపలికి వెళ్లాం. గుమ్మడికాయ ఎవరికి పోయిందో నాకు గుర్తు లేదు.

కర్నూలులో మా ఇంటికి తిరిగి వచ్చాక ఒక సాయంత్రం కళ్లద్దాలు పెట్టుకుని ఆ ట్యూబు మీద రాసిందంతా చదివాను. రెటినాల్ అన్న మాట నాకు కొత్తది కాదు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పోషణ పాఠంలో విటమిన్ల పట్టిక ఉంటుంది. విటమిన్ ఎ ఎదురుగా రెటినాల్ అని, అది తక్కువైతే రేచీకటి వస్తుందని, చర్మం పొలుసులు కడుతుందని ఉంటుంది. ఏటా పిల్లల చేత అదే చదివిస్తాను. ఆకుకూరలు, క్యారెట్లు, గుడ్డు పచ్చసొన, లివర్ అని బోర్డు మీద రాస్తాను. అది ట్యూబులో వస్తుందని, మొహానికి రాసుకుంటారని మాత్రం నా తలలోకి ఎప్పుడూ రాలేదు. చిన్నప్పుడు మా ఊరికి నర్సమ్మ వచ్చి పిల్లలందరినీ వరసలో నిలబెట్టి చెంచాతో ఏదో నూనె మందు పోసేది. నాలుక మీద జిడ్డుగా జారేది. కళ్లు బాగుంటాయని చెప్పేవాళ్లు. అది కూడా ఇదే. కళ్ల కోసం మింగిన దాన్ని యాభై దాటాక కళ్ల చుట్టూ గీతలకు ఎందుకు పూయాలి? చర్మానికి దీన్ని గుర్తుపట్టే తెలివి ఎక్కడిది?

నిజం చెప్పాలంటే ముడతల బాధ కంటే ఈ ప్రశ్నే నన్ను ఎక్కువ లాగింది. ముడతలు లేవని కాదు. ఇప్పుడు బడిలో హాజరు ఫోనులో మొహం చూపించి వేయాలి. రోజూ పొద్దున ఎండలో నిలబడి గుండ్రటి గీత మధ్యలో నా మొహాన్ని నేనే పెట్టుకుంటాను. అంతకుముందు నా మొహాన్ని అంత దగ్గరగా, అంత వెలుతురులో రోజూ చూసుకునే పని ఉండేది కాదు. కళ్ల కొసల్లో కాకి కాలి గుర్తులు, ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగిన గాడి, నుదుటి మీద అడ్డగీతలు. ఇవి ఎప్పుడు వచ్చాయో నాకు తెలియదు. ఫోనుకు మాత్రం అన్నీ తెలిసినట్టుండేది.

రాసుకోవడం మొదలుపెట్టాను. వారానికి రెండుసార్లు, అదీ రాత్రిపూట మాత్రమే అని ట్యూబు మీద ఉంది. మొదటి వారం అట్లాగే చేశాను. ఏమీ కనిపించలేదు. రెండో వారం నుంచి రోజూ రాశాను. ఎక్కువ రాస్తే తొందరగా తెలుస్తుంది కదా అనుకున్నాను. మూడో వారానికి బుగ్గలు బిగుసుకున్నాయి. నీళ్లు తగిలితే చురుక్కుమనేది. నోటి చుట్టూ తెల్లగా పొట్టు లేచింది.

మా ఆయనకు నందికొట్కూరులో విత్తనాల అంగడి ఉంది. పొద్దున పోయి సాయంత్రం వస్తాడు. ఆ రోజు ముందు కూర్చుని టీ తాగుతూ నన్నే చూశాడు.

"ఏమైందే మొహానికి? వేయించిన శనక్కాయ పొట్టు రాలినట్టు రాల్తాండాది."

"విటమిన్ పూసుకుంటాండా."

"విటమిన్ తింటారు గానీ పూస్తారా ఎవరన్నా?"

ఆయన వేసిన ప్రశ్న నా ప్రశ్నే. మర్నాడు బడిలో తోటి టీచర్లందరూ ఏమైందని అడిగారు. ఫోను ఒక్కటే ఏమీ అడగకుండా నా హాజరు వేసుకుంది.

ఆ శనివారం ఆస్పత్రుల వీధిలో ఉన్న చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. చిన్న వయసు. దీపం వెలుగులో నా మొహం అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత రాస్తున్నారు టీచరమ్మా?" అంది. వేలి మీద గీత గీసి చూపించాను. ఆమెకు నవ్వు వచ్చింది.

"మొహం మొత్తానికి బఠాణీ గింజంత చాలు. మీరు చేనికి ఎరువు చల్లినట్టు చల్లినారు."

నేను దాచుకున్న ప్రశ్నలన్నీ అక్కడే విప్పాను. విటమిన్ ఎ తక్కువైతే చర్మం పొలుసులు కడుతుందని నేనే పాఠం చెబుతాను, మరి ఎక్కువైనా పొలుసులే లేచాయి, ఇదేం తిరకాసు అని అడిగాను. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆ ప్రశ్న ఆమెకు నచ్చినట్టుంది. విటమిన్ తక్కువైతే పైపొర కణాలు సరిగ్గా ఎదగక మొద్దుబారి గట్టిపడతాయట. ఇది రాస్తే కింద కొత్త కణాలు తొందరగా పుట్టి పైవాటిని నెట్టేస్తాయట. చర్మం అలవాటు పడక ముందే ఆ తొందర పెరిగిపోతే పొట్టు లేస్తుంది, మంట పుడుతుంది. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి, లోపల జరిగేది వేరు. లోపలి పొరలో చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే దారాలుంటాయి. వయసుతో, ఎండతో అవి తెగిపోతుంటాయి. వాటిని మళ్లీ అల్లమని కణాలకు చెప్పే పని కూడా ఇదే చేస్తుందట.

"గీతలు పోతాయా?"

"సన్న గీతలు కొంత మెత్తబడతాయి. లోతు గీతలు ఉంటాయి. అన్నీ పోతాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఆ కొంత కనబడడానికి కూడా నెలలు పడుతుంది."

"ఇంకా గట్టి మందు ఉంటుందంట కదా?"

"ఉంది. అదీ ఈ కుటుంబమే. రెటినాల్‌ను చర్మం మార్చుకుని వాడుకోవాలి, అందుకే నిదానం. డాక్టర్లు రాసిచ్చేది నేరుగా పని చేస్తుంది, మంట కూడా ఎక్కువ. మీ చర్మం పొడిగా ఉంది. మీకు రెటినాలే చాలు, అదీ తక్కువ శాతం ఉన్నది."

మొహం చల్లబడేదాకా మానేయమంది. తర్వాత వారానికి రెండు రాత్రులు, ముందు మాయిశ్చరైజరు, దాని మీద ఇది. మూత గట్టిగా పెట్టాలి, వెలుతురు తగలని చోట పెట్టాలి. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఎండ గురించి. "పొద్దున సన్‌స్క్రీన్ రాయకుండా కర్నూలు ఎండలో తిరిగితే రాత్రి రాసింది దండగ." నేను తలూపాను. నాకు ఆ రోజంతా ఉత్సాహంగా ఉంది. పొట్టు లేచిన మొహంతో ఇంటికొచ్చి, మా ఆయనకు కొల్లాజెన్ గురించి అన్నం తింటున్నంతసేపూ చెప్పాను. ఆయన పాపం విన్నాడు.

క్రిస్మస్‌కు మళ్లీ బద్వేలు వెళ్లాం. అప్పటికి వదినకు కూతురి సంగతి తెలిసింది, ఇంట్లో అందరూ సంబరంగా ఉన్నారు. వదిన నాకంటే ఏడాది పెద్ద. ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. కజ్జికాయలు కాల్చడానికి పొయ్యి దగ్గర కూర్చున్నాం. రెండు వాయిలు కాకముందే ఆమె లేచి దూరంగా పోయి కొంగుతో మొహం విసురుకుంది.

"నువ్వే కాల్చు వదినా. పొయ్యి సెగ తగిల్తే మొహం మండిపోతాది."

అప్పుడు పరీక్షగా చూశాను. కోత పండుగలో చూడలేదా? చూసే ఉంటాను, ఎర్రగా ఉందని అనుకుని ఉంటాను. బుగ్గలు నునుపుగా, గాజులా మెరుస్తున్నాయి. ఆ మెరుపు కింద సన్నటి ఎర్ర నరాలు. చెంపల మీద నూగు ఇదివరకటి కంటే ఒత్తుగా పెరిగింది. ఎండలో పని చేసే మనిషి మొహంలా లేదు. ఎందుకిట్లయింది అని అడగబోయి, ముందు నా సంగతి చెప్పాను. ట్యూబు సంగతి, పొట్టు సంగతి, డాక్టరమ్మ సంగతి. ఆమె ఆసక్తిగా విని, లోపలికి పోయి గూట్లో అద్దం వెనక నుంచి ఒక ట్యూబు తెచ్చింది.

"ఇది చూడు. నీదీ నాదీ ఒకటే. ఈడ కూడా రెటి అని ఉండాది."

అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చదివాను. మూడు మందుల పేర్లున్నాయి. ఒకటి నిజంగానే విటమిన్ ఎ కుటుంబంలోదే, డాక్టరమ్మ చెప్పిన గట్టి రకం. రెండోది మచ్చలను తెల్లబరిచేది. మూడోది స్టెరాయిడ్. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని పక్కనే ఎర్రగీత కూడా ఉంది.

"ఎన్నాళ్లుగా పూస్తాండావు?"

"పాప పెండ్లి ముందు నుంచి. మంగు మచ్చలు వచ్చినాయి కదా, మెడికల్ షాపులో అడిగితే ఇచ్చినాడు. మొదట్లో శానా బాగైంది. మచ్చలు పోయినాయి, తెల్లగైనా. ఆ మీదట మానుకుందామంటే కుదర్ల్యా. రెండు దినాలు పూయకుంటే చాలు, దురద, మంట. మళ్లా పూస్తే చల్లబడతాది."

ఆ ఫొటోను కర్నూలు డాక్టరమ్మకు పంపాను. 'తీసుకుని రండి' అని మాత్రం జవాబు వచ్చింది. కందికోతలు ముందున్నాయి, ఇప్పుడెట్లా అని మా అన్న గొణిగాడు. వదిన సంచి సర్దుకుంటూనే చెప్పింది. "కందులు నువ్వు కోయించు. నేను పోయొస్తా."

డాక్టరమ్మ ఆమెను తిట్టలేదు. మొహం చూసి, ట్యూబు చూసి, "దీన్ని వారాల లెక్కన, మేం చూస్తుంటే వాడాలమ్మా, ఏళ్ల లెక్కన కాదు" అంది. స్టెరాయిడ్ వల్ల చర్మం పలచబడిందని, నరాలు అందుకే తేలాయని చెప్పింది. మానేయాలి. మానితే ముందు ఇంకా ఎక్కువవుతుంది, కురుపులు కూడా రావచ్చు, భయపడి మళ్లీ దాని దగ్గరికి పోవద్దు, చల్లబడడానికి మందులు ఇస్తాను అంది.

వదిన అడిగింది. "మరి ఈయమ్మ పూసుకునే దాంట్లో, నా దాంట్లో ఒకటే విటమిన్ కదా? ఆమెకు మంచిదైంది, నాకెట్ల చెడ్డదైంది?"

"ఆ విటమిన్ తప్పేం లేదమ్మా. దానితో పాటు ఇంకెవరు ఉన్నారో చూసుకోవాలి. పైగా అది పూసుకుని మీరు పగలంతా ఎండలో ఉన్నారు. మీ దాంట్లో స్టెరాయిడ్ మంటను కప్పెట్టింది. అందుకే మీకు బాగున్నట్టే అనిపించింది."

వదిన మా ఇంట్లో ఉండిపోయింది. డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. వారం తిరిగేలోపే మొహం వాచి, కందిపోయి, గడ్డం నిండా కురుపులు లేచాయి. ఆదివారం నాతో చర్చికి రానంది. ఫోనులో ఆరాధన పెట్టుకుని వంటింట్లో ఒక్కతే పాడుకుంది. కడప నుంచి కూతురు వీడియో కాల్ చేస్తే ఫోను ఇంటి కప్పు వైపు తిప్పి మాట్లాడేది. "అమ్మా, మొహం చూపించు" అని అది, "ఏం లేదులే, నువ్వు వేళకు తిను" అని ఈమె. సాయంత్రాలు మిద్దె మీద గాలికి కూర్చునేవాళ్లం. నా మొహం పొట్టు తగ్గి మామూలుగా అవుతుంటే, ఆమెది రోజురోజుకూ పాడవుతోంది. ఆమె ముందు ఆ ట్యూబు తీసి రాసుకోవడానికి నాకు మొహమాటంగా ఉండేది. "నువ్వు పూసుకో, నాకేం?" అనేది ఆమే.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి వదిన హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో ఆ పాత రకం ట్యూబే, కొత్తది, ఇంకా పెట్టెలోనే ఉంది.

"యాడ దొరికింది?"

"ఈ వీధి చివరనే. అడిగితే ఇచ్చినారు. తెచ్చుకున్న్యా గానీ విప్పలా. నువ్వు వచ్చేదాకా చూస్తాండా."

పక్కన కూర్చున్నాను. కోపం రాలేదు. ఆమె అంతగా ఎందుకు కావాలనుకుంటోందో తెలుసుకోవాలనిపించింది. "తెల్లగా ఉండాలనా వదినా?"

"తెలుపెవరికి కావాల? మంగు వచ్చినప్పుడు కల్లంలో, చర్చిలో, బస్సులో ఎవరు కనపడినా 'ఏమైంది మొహానికి' అనే. ఇది పూసినాక ఎవరూ అడగల్యా. మొహం సంగతే మర్చిపోయినా. నాకు ఆ నెమ్మది కావాల."

ఇన్ని నెలలుగా గీతల గురించి, శాతాల గురించి ఆలోచించాను గానీ, మనిషి తన మొహాన్ని మర్చిపోయి బతకాలనుకుంటుందని నాకు తోచలేదు. నేనేమో ఫోను పుణ్యమా అని రోజూ చూసుకోవడం మొదలుపెట్టినదాన్ని. టీ పెట్టి తెచ్చాను. తాగాక ఆమే లేచింది. "పద, ఇచ్చేసి వద్దాం." షాపతను వెనక్కి తీసుకున్నాడు. బదులుగా డాక్టరమ్మ రాసిచ్చిన మాయిశ్చరైజరు తీసుకుంది.

ఆ తర్వాత నెమ్మదిగా వాపు దిగింది. కురుపులు మాడాయి. లెంట్ ఉపవాస దినాలు మొదలయ్యేటప్పటికి ఊరికి పోయింది. ఈస్టర్‌కు చూస్తే ఎరుపు చాలావరకు పోయింది, ఒకటి రెండు నరాలు మాత్రం అట్లాగే ఉన్నాయి. అవి ఉండిపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. మంగు మాత్రం మళ్లీ తిరిగి వచ్చింది. బుగ్గల మీద పలచగా, టీ మరక మాదిరి. దానికి వేరే మందు నిదానంగా వాడుతోంది. చేనుకు పోయేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకుని, మొహం చుట్టూ తుండుగుడ్డ కట్టి, పైన మా అన్న టోపీ పెట్టుకుంటుంది. ఎవరైనా ఏమైందంటే, "మంగు" అని ఒక్క మాట చెప్పి పని చూసుకుంటుందట. ఊళ్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వాళ్ల ట్యూబులు తెచ్చి ఆమెకు చూపించారని, వాటి ఫొటోలు నాకు పంపింది. ఒకదాంట్లో స్టెరాయిడ్ ఉంది, ఒకదాంట్లో లేదు. ఉన్నావిడను డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్పాను. పోయిందో లేదో ఇంకా తెలియదు.

నా మొహం సంగతి చెప్పాలి కదా. వారానికి రెండు రాత్రుల నుంచి మూడు రాత్రులకు వచ్చాను. పొట్టు లేవడం లేదు. కళ్ల కొసల్లో సన్న గీతలు కొంచెం మెత్తబడ్డాయనిపిస్తోంది. ముక్కు పక్క గాడి అట్లాగే ఉంది, నుదుటి మీద అడ్డగీతలూ అట్లాగే. మా ఆయనను అడిగితే, "నువ్వు ఎప్పుడూ ఇట్లనే ఉండావు కదా" అన్నాడు. అది పొగడ్తో కాదో నాకు తెలియలేదు. చర్మం మాత్రం ఇంతకుముందంత గరుకుగా లేదు. ఇది చేతికి తెలుస్తోంది.

మొన్న డాక్టరమ్మను ఇంకో మాట అడిగాను. మొహానికి ఇంత చేస్తున్నాం, మెడకు, చేతి వెనక భాగానికి ఏమీ చేయడం లేదు, అవి ముందే ముసలివవుతాయి కదా అని. మెడ చర్మం ఇంకా సున్నితం, మొహానికి అలవాటైందని దానికి అలవాటైనట్టు కాదు, అక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి అంది. చేతులకేమో అన్నిటికంటే ముందు సన్‌స్క్రీన్ అంది. చాక్‌పీసు పట్టుకునే చెయ్యి ఒకటి, పట్టుకోని చెయ్యి ఒకటి పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. కుడిచెయ్యి వెనక గీతలు ఎక్కువున్నాయి. సుద్దపొడి వల్లా, బడికి పోయేటప్పుడు ఆటోలో ఎండ తగిలే కుడివైపు కూర్చుంటాననా? ఈ వారం నుంచి ఎడమవైపు కూర్చుంటున్నాను.